ఇరవై ఏళ్ళ తరువాత మన సంఘంలో ఎవరుంటారు?

(మహాసభలలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పాస్టరును కాను. వేదాంత కళాశాల గుమ్మం తొక్కినవాణ్ణి కూడా కాను. గుంటూరు జిల్లాలో పుట్టి, ఇంజనీరింగు చదువుకుని, ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో సాఫ్ట్‌వేరు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. మా తెలుగు సంఘంలో "దీర్ఘకాల ప్రణాళికా కమిటీ" అని ఒకటి వేశారు. దానికి నేను కన్వీనర్ని. కాన్ఫరెన్స్ కాల్‌లో అందరూ మ్యూట్‌లో ఉన్నప్పుడు నాది మ్యూట్‌లో లేదు, అదీ నా అర్హత.

ఈ హాల్లో హిందూ మిత్రులే ఎక్కువమంది ఉన్నారని తెలుసు. మీలో గుడి కమిటీలలో పని చేసేవాళ్ళు నేను చర్చి అన్నచోట గుడి అని పెట్టుకుని వినండి. చాలావరకు లెక్క సరిపోతుంది. సరిపోని చోటు ఒకటుంది, అక్కడికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు మేమెవరమో చెప్పాలి. మన ప్రాంతంలో మిషనరీలు జిల్లాలు పంచుకున్నారు. అందుకని గుంటూరు నుంచి వచ్చినవాడు లూథరన్, ఒంగోలు, నెల్లూరు వాళ్ళు బాప్టిస్టులు, బందరు, మెదక్, కడప వాళ్ళు సి.ఎస్.ఐ. వీళ్ళకు తోడు పెంతెకొస్తువాళ్ళు. ఒకరు పసిపిల్లకే బాప్తిస్మమిస్తారు, ఇంకొకరు పెద్దయ్యాక నీళ్ళలో ముంచితేనే బాప్తిస్మం అంటారు. ఒకరు పుస్తకం చూసి ప్రార్థిస్తారు, ఇంకొకరు కళ్ళు మూసుకుని గొంతెత్తి ప్రార్థిస్తారు. ఊళ్ళో అయితే ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్ళం, ఇక్కడ ఒకే హాల్లో ఒకే బిర్యానీ డేగిశా చుట్టూ నిలబడతాం. మమ్మల్ని కలిపింది సిద్ధాంతం కాదు, తెలుగు. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో పనుంది.

మాకు సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చిలో ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి వరకు అద్దెకుంటాం. పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయి, కాఫీ వాసన ఇంకా పోకముందే మా తబలా, కీబోర్డు దిగుతాయి. కోత పండుగనాడు పెరట్లో కాసిన సొరకాయలు, గోంగూర కట్టలు వేలం వేస్తాం. మూడు డాలర్ల సొరకాయ నూటయాభైకి పోతుంది. ఇంటివాళ్ళు ఆ కేకలు విని ఒకసారి కంగారుపడ్డారు, మరుసటి ఏడాది వాళ్ళే వచ్చి పాట పాడారు.

కిందటేడు ఆ చర్చి పెద్దలు మమ్మల్ని పిలిచి, "ఈ భవనం మీరు కొంటారా?" అని అడిగారు. వాళ్ళు ఇప్పుడు ముప్పైమంది కూడా లేరు. ఉన్నవాళ్ళలో డెబ్బై దాటనివాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా వాళ్ళ సంతోషం చెప్పనలవి కాదు. "దేవుడు తలుపు తెరిచాడు" అన్నారు. ఆ తలుపు సంగతి చూడమనే మా కమిటీని వేశారు.

నేను ముందుగా భవనం అంతా తిరిగి చూశాను. నాలుగు వందలమంది పట్టే హాలు. వెనక రెండంతస్తుల సండే స్కూలు విభాగం, పన్నెండు గదులు. 1950లలో కట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, ఇళ్ళు కొనుక్కుని, ఇంటికి ముగ్గురు నలుగురు పిల్లల్ని కంటున్న రోజులవి. పన్నెండు గదులు చాలవేమో అనుకుని ఉంటారు. ఇప్పుడు పదకొండు గదులకు తాళం. ఒక గదిలో పిల్లల చిన్న కుర్చీలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. వాళ్ళు భక్తి తక్కువైనవాళ్ళు కారు. పిల్లల్ని బాగా చదివించారు. చదివించిన పిల్లలు వేరే రాష్ట్రాలకు వెళ్ళారు. మనం చేస్తున్నదీ అదే కదండీ.

లెక్క చూద్దాం. ఉదాహరణకు ఎనిమిది లక్షల డాలర్ల అప్పు, ఏడు శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకుంటే నెలకు సుమారు 6,200 డాలర్లు. అరవై కుటుంబాలు సమంగా పంచుకుంటే ఇంటికి 103. పెద్ద భారం కాదు, ఒక్క రెస్టారెంట్ భోజనం. అదే నలభై కుటుంబాలైతే 155. పైగా ఏ సంఘంలోనూ కానుకలు సమంగా రావు, నాలుగో వంతు ఇళ్ళు ముప్పావు భారం మోస్తాయి. చర్చిలకిచ్చే అప్పుల్లో చాలావాటికి ఐదేళ్ళకో ఏడేళ్ళకో వడ్డీ మళ్ళీ నిర్ణయిస్తారు. పైకప్పు, బాయిలరు, పార్కింగు తారు, మంచు తీయించడం, ఇన్సూరెన్సు, ఇవేవీ ఆ 6,200లో లేవు. ఇల్లు కొన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

నన్ను ఆపింది డబ్బు కాదు. మా సంఘం పేర్ల పట్టిక ఒక స్ప్రెడ్‌షీటులో ఉంది. అందులో వయసు అన్న గడికి ఇరవై కలిపాను. అంతే, ఒక్క ఫార్ములా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు కుర్చీలు వేసేవాళ్ళం, స్పీకర్లు మోసేవాళ్ళం, చెక్కులు రాసేవాళ్ళం అందరం అరవై ఐదు దాటి ఉంటాం. సగంమంది మెట్లు తక్కువున్న ఇల్లు చూసుకుని నార్త్ కరోలైనాకో టెక్సాస్‌కో వెళ్ళిపోయి ఉంటారు. ఇప్పుడు సండే స్కూల్లో ఉన్న పిల్లలకు ముప్పై, ముప్పై ఐదు వస్తాయి. చివరి వాయిదాలు కట్టాల్సింది వాళ్ళు. ఆ అప్పు కాగితం మీద సంతకం పెట్టే కమిటీలో ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు ఒక్కరూ లేరు.

దీనికి మా పెద్దలొకరు, "కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారయ్యా" అన్నారు. ఇది నిజమే, ఇదే ప్రమాదం కూడా. ఇన్నేళ్ళూ మా సంఖ్యను నిలబెట్టింది మా పిల్లలు కాదు, ఏటా ఇండియా నుంచి దిగే కొత్త కుటుంబాలు. 2001లో, 2008లో ఉద్యోగాలు పోయి రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్ళిన ఇళ్ళు ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమంటూ ప్రకటన వచ్చింది. ఏ ప్రభుత్వం మంచిది, ఏది చెడ్డది అన్న చర్చలోకి నేను పోను. వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో ఆగిపోగల పంపు మీద ఆధారపడి చెరువు తవ్వుకోకూడదు అంటున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ పిల్లలు ఎందుకు ఉండాలి?

మా కమిటీ ఒక రోజు పదిహేను దాటిన పిల్లల్ని కూర్చోబెట్టుకుని అడిగింది. సలహాలివ్వకూడదు, వినాలి అని ముందే ఒట్టు పెట్టుకున్నాం. (ఇద్దరు అంకుల్స్ ఆ ఒట్టు పావుగంటలో తప్పారు.) ఒక అమ్మాయి చెప్పిన మాట నాకు బాగా పట్టింది. "అంకుల్, నాకు తెలుగు వచ్చు. అమ్మమ్మతో రోజూ తెలుగే మాట్లాడతాను. పాస్టర్ అంకుల్ తెలుగు రాదు" అంది. ఆలోచిస్తే నిజమే. ఇంట్లో పిల్లలు వినే తెలుగు "అన్నం తిన్నావా, హోంవర్కు అయిందా, ఫోను పక్కన పెట్టు." మందిరంలో వినేది "నీతిమంతులుగా తీర్చబడుట, ప్రాయశ్చిత్తము, ప్రత్యక్షత, సమాధానకర్తయగు అధిపతి." ఇది మన బైబిలు తెలుగు. మనకు అది తల్లిపాలతో వచ్చింది కాబట్టి తియ్యగా ఉంటుంది. ఆ పిల్లకు అది తెలుగు లోపల ఇంకో పరాయి భాష.

గుడికీ చర్చికీ లెక్క సరిపోని చోటు ఇదే. గుడిలో మంత్రం అర్థం కాకపోయినా పూజ పూజే, హారతి హారతే. కళ్ళకద్దుకుంటే చాలు. మా ఆరాధనకు ప్రసంగం వెన్నెముక. వాక్యం అర్థం కాకపోతే రెండు గంటలు కుర్చీలో కూర్చున్నట్టే లెక్క. అందుకని భాష పోతే మాకు అలంకారం ఒక్కటే పోదు, నిలబడే నేలే కదులుతుంది.

మాకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్ళున్నారు. మా ఊరి నుంచి కారులో గంటన్నర పోతే ఫిలడెల్ఫియాలో డెలావేర్ నది ఒడ్డున గ్లోరియా డే అని ఒక పాత చర్చి ఉంది. స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు కట్టుకున్నది. 1698లో మొదలుపెట్టి 1700లో పూర్తిచేశారు. నూటపాతికేళ్ళకు పైగా వాళ్ళకు స్వీడన్ నుంచి వచ్చిన పాస్టర్లే ఉన్నారు. అలా వచ్చిన ఆఖరి ఆయన నికలాస్ కాలిన్, 1831లో చనిపోయాడు. అప్పటికే జనం స్వీడిష్ మరిచిపోయారు. 1845లో ఆ సంఘం లూథరన్ పేరు కూడా వదులుకుని ఎపిస్కోపల్ చర్చిలో కలిసింది. నేను వెళ్ళి చూశాను. కప్పు నుంచి రెండు నమూనా ఓడలు వేలాడుతుంటాయి, మొదటి స్వీడిష్‌వాళ్ళు వచ్చిన ఓడలవి. భాష పోయింది, శాఖ మారింది, ప్రార్థన మాత్రం మూడు వందల ఏళ్ళుగా ఆగలేదు. దీన్ని గెలుపనాలా, ఓటమనాలా? మా కమిటీలో సగం సగం చీలారు. నేను గెలుపనే అన్నాను. కాకపోతే ఓడలు కప్పుకు వేలాడటం కంటే కొంచెం ఎక్కువే మిగలాలని నా ఆశ.

మన సొంత ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉంది. 1860 నుంచి నేటాలు చెరకు తోటలకు, టీ తోటలకు మనవాళ్ళను ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. వాళ్ళలో బాప్టిస్టులుండేవారు. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టుల సొసైటీ వాళ్ళ కోసం జాన్ రంగయ్య అనే మిషనరీని పంపింది. తెల్లవాళ్ళ డబ్బుతో కాదు, మనవాళ్ళ కానుకలతో. అదే ఏడాది డిసెంబరులో కియర్స్‌నీ టీ ఎస్టేటు దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది. ఆయన 1915లో అక్కడే చనిపోయాడు. ఆ సంఘాల వారసులు ఇప్పటికీ ఉన్నారు, ఇంగ్లీషులో ఆరాధిస్తారు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో గౌరవించవలసిన భాషల వరసలో తెలుగు పేరుంది. రాజ్యాంగంలో ఉన్నంత మాత్రాన నాలుక మీద ఉండదు కదా. ఇవాళ నేటాలు తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే. అక్కడ ఆ మార్పుకు మూడు నాలుగు తరాలు పట్టి ఉండొచ్చు. స్కూలు బస్సు, ఫోను ఉన్న ఈ దేశంలో మనకు అంత వ్యవధి లేదు.

అయితే ఏం చెయ్యాలి? చాలా సంఘాలు చేసేది పిల్లలకు పక్క గదిలో వేరే ఇంగ్లీషు ఆరాధన పెట్టడం. సుళువు, అందరికీ సంతోషం. నేను దీనికి వ్యతిరేకిని. పక్క గదిలో పెరిగిన పిల్లవాడు ముసలివాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థించడం నేర్చుకోడు. పద్దెనిమిదేళ్ళకు కాలేజీకి పోతాడు. అక్కడ అంతకంటే మంచి గిటారున్న పెద్ద ఇంగ్లీషు చర్చి ఉంటుంది. తిరిగిరావడానికి వాడికి ఇక్కడ ఏముంది? కొరియన్ అమెరికన్ సంఘాలు మనకంటే ముందే ఇది చూశాయి. 1990ల నుంచే వాళ్ళు దీనికి "నిశ్శబ్ద నిష్క్రమణ" అని పేరు పెట్టుకున్నారు. ఎవరూ పోట్లాడరు, ఎవరూ రాజీనామా ఇవ్వరు, ఊరికే రావడం మానేస్తారు.

మా కమిటీ ప్రతిపాదన, అంటే ఇంకా ఆమోదం కాలేదు, ఇలా ఉంది. ఆరాధన ఒక్కటే, గది ఒక్కటే. వాక్యం ఇంగ్లీషులో. పాటలు తెలుగులో. పాటలే ఎందుకంటే, భాషలో అన్నిటికంటే ఆలస్యంగా చచ్చేది పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి, పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌధురి గారు 1803లో పుట్టి 1890లో పోయారు. ఆయన కీర్తనలు ఇవాళ ఎడిసన్‌లో పుట్టిన పిల్లవాడు తాళం తప్పకుండా పాడతాడు. వాడికి అక్షరాలు రావు, తెర మీద ఇంగ్లీషు లిపిలో వేస్తే చదువుకుంటాడు. దాన్ని చూసి మూతి విరిచేవాళ్ళున్నారు. నేను విరవను. నోట్లో తెలుగుంటే అక్షరాలు ఎప్పుడైనా నేర్పొచ్చు.

ఇప్పుడు పిల్లలు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఇంగ్లీషు అనువాదం వింటున్నారు. దాన్ని తిరగేసి, పెద్దవాళ్ళకు ఇయర్‌ఫోనులో తెలుగు వినిపిద్దాం అన్నాం. మీటింగులో తెనాలి నుంచి వచ్చిన ఒక మామ్మగారు లేచి, "ఇంగ్లీషు చర్చికే పోయేదాన్నయితే మా వీధి చివరే ఉంది కదా నాయనా, నలభై మైళ్ళు మా అబ్బాయి చేత కారెందుకు తోలిస్తాను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, కారు రాదు, వారమంతా నాలుగు గోడల మధ్య ఉంటారు. ఆదివారం ఒక్కటే ఆవిడ మనిషిగా బతికే రోజు. ఆవిణ్ణి పోగొట్టుకుని పిల్లల్ని నిలుపుకున్నా అది సంఘం కాదు. చివరికి నెలలో రెండు వారాలు వాక్యం తెలుగులో, రెండు వారాలు ఇంగ్లీషులో అన్న దగ్గర ఆగాం. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. ఇద్దరికీ సమంగా నచ్చకపోవడమే దాని బలమని నేననుకుంటున్నాను.

పాస్టరు విషయం క్లుప్తంగా చెప్తాను. ఇండియా నుంచి తెచ్చుకుంటే ఆర్-1 వీసా మొత్తం ఐదేళ్ళే. ఈలోపు గ్రీన్‌కార్డు దారి చూసుకోవాలి, జీతం, ఇన్సూరెన్సు సరిగ్గా ఇవ్వాలి. వారమంతా ఉద్యోగం చేసుకుని ఆదివారం ప్రసంగించే పాస్టర్లే మన సంఘాలను ఇన్నాళ్ళూ నిలబెట్టారు, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. అయినా, ఇక్కడ పుట్టిన పిల్లల్లో ఒక్కరిని వేదాంత విద్యకు పంపడానికి మనం ఫీజు కడతామా? మా పిల్ల డాక్టరు కావాలి, పక్కింటి పిల్ల పాస్టరు కావాలి అంటే కుదరదు.

ఆస్తి విషయం ఇంకా క్లుప్తం. భవనం కొంటే సంఘం కార్పొరేషన్ పేరున ఉండాలి, ఏ అన్నయ్య పేరునా ఉండకూడదు. సంఘం మూతపడే రోజు వస్తే ఆస్తి ఏ సేవాసంస్థకు పోవాలో బైలాస్‌లో ఇప్పుడే రాయాలి. అపశకునం అన్నారు కొందరు. వీలునామా రాసినంత మాత్రాన ఎవరూ చావరు.

నా స్ప్రెడ్‌షీటు చూసి నిరాశపడినవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై 1840లో నెల్లూరు చేరింది. పదమూడేళ్ళు గడిచినా చేరినవాళ్ళు పిడికెడు. 1853లో ఆల్బనీలో జరిగిన వార్షిక సమావేశంలో దాన్ని మూసేద్దామా అని చర్చించారు. అంకెలు చూస్తే మూసెయ్యాల్సిందే, నేనున్నా మూసెయ్యమనే అనేవాణ్ణేమో. మూయలేదు. 1878లో, కరువు పనులు ముగిశాక, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. కరువు నడుస్తున్నంతకాలం డాక్టర్ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, జనం గింజల కోసం వస్తున్నారేమోనని. రంగయ్యను నేటాలుకు పంపింది ఆ నెల్లూరు సంఘాలే. కాబట్టి మా నివేదికలో స్ప్రెడ్‌షీటు జతపరిచాం, అట్ట మీద వెయ్యలేదు.

భవనం గురించి మా సిఫారసు: ఇప్పుడు కొనొద్దు. ఇంటివాళ్ళతో కలిసి పదేళ్ళ ఒప్పందం రాసుకుందాం. మరమ్మతుల్లో సగం మనం పెట్టుకుందాం, అమ్మితే ముందు మనకే అడగాలని రాయించుకుందాం. తాళం వేసిన పదకొండు గదుల్లో మూడు తెరిచి, తెలుగు బడి, పెద్దవాళ్ళకు వారం మధ్యలో కూడిక పెడదాం. ఆ మామ్మగారికి బుధవారం కూడా ఒక చోటుంటుంది. కమిటీలో మూడో వంతు ముప్పై ఏళ్ళ లోపువాళ్ళుండాలి, వాళ్ళకు పూర్తి ఓటుండాలి. ఐదేళ్ళకోసారి ఈ కాగితం మొత్తం తిరగరాయాలి.

కొనమన్నది ఒక్కటే, సమాధి స్థలాలు. రెండేళ్ళ క్రితం మా సంఘంలో ఒక పెద్దాయన పోయారు. ఊళ్ళో అయితే తాతముత్తాతల పక్కన క్రైస్తవుల తోట ఉంటుంది. ఇక్కడ కుటుంబం, శరీరాన్ని ఇండియా పంపాలా వద్దా అని మూడు రోజులు నలిగిపోయింది. చివరికి ఇక్కడే మట్టి చేశారు, చుట్టూ ఇటాలియన్, పోలిష్ పేర్ల మధ్య ఒక్క తెలుగు పేరు. ఆ పక్క వరసలో పన్నెండు స్థలాలు సంఘం పేరున తీసుకుందాం అన్నాం. భవనానికి ఏడాది వాదించినవాళ్ళు దీనికి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. మామ్మగారు తన స్థలానికి డబ్బు ఆ రోజే రొక్కంగా ఇచ్చేశారు, ఆయన పక్కదే కావాలని.

మిగతా ప్రతిపాదనల మీద వచ్చే అక్టోబరులో సంఘం ఓటు వేస్తుంది. ఏమవుతుందో నాకు తెలియదు. డాలస్, చికాగో, అట్లాంటా సంఘాల వాళ్ళు మీ బైలాస్ ప్రతి ఉంటే భోజనాల దగ్గర నాకివ్వండి. ముఖ్యంగా రెండు భాషల ఆరాధన మూడేళ్ళకు పైగా నడిపినవాళ్ళెవరైనా ఉంటే, ఎలా నడిపారో చెప్పకుండా ఈ హాలు వదిలి వెళ్ళొద్దు. కుడివైపు చివరి బల్ల దగ్గర ఉంటాను.